శాలువా మాత్రమే యాదగిరి గారిది

మొన్న చిక్కడపల్లి పఠనాలయంలో గోడలకు సున్నం వేయడానికి, అక్కడ వేలాడే ఒక పెద్ద రచయిత వర్ణచిత్రాన్ని కిందికి దింపారు. పక్కన ఎవరో తలుపులకు రంగు కలుపుతున్నారు. టర్పెంటైన్ వాసన గుప్పుమంది. అరవై తొమ్మిదిలో యాదగిరి గారు మా పత్రికాఫీసుకు వచ్చింది ఆ వాసనతోనే.

"ఏం సారూ, ఈ బొమ్మ నేనేసిన్నని నీకెవరు చెప్పిన్రు?" అంటూ ఆనాటి పేపరు నా బల్ల మీద పరిచారు.

"మీరు కుంచె పట్టుకుని ఉండగా చూశానండీ."

"చూసినవ్. అడిగినవా? పెండ్లిల వడ్డించెటోడు పెండ్లికొడుకైతడా?"

చుట్టూ బల్లల దగ్గరివాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. "రేపు అసలు వేసినాయన వచ్చి, నా పనికి నీ పేరెట్ల పెట్టుకున్నవంటే నా మొఖం యాడ పెట్టుకోవాలె?"

యాదగిరి గారు నారాయణగూడలో దుకాణాలకు బోర్డులు రాసేవారు. ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం రోజుల్లో బందుల వల్ల పఠనాలయం చాలా రోజులు మూతపడింది. తెరిచేసరికి కప్పు కారి, బొమ్మలో రచయిత కప్పుకున్న శాలువా రంగు చాలావరకు లేచిపోయి ఉంది. బాగుచేయడానికి ఆయన్ను పిలిచారు. నేను కోస్తా నుంచి కొత్తగా వచ్చి అశోక్ నగర్‌లో గది తీసుకున్న విలేకరిని. పటం ముందు కుంచెతో కూర్చున్న మనిషిని చూసి, ఒకప్పుడు తాను వేసిన బొమ్మకు చిత్రకారుడే మళ్లీ ప్రాణం పోస్తున్నాడని ముచ్చటగా రాసేశాను.

ఆ సాయంత్రం ఆయన నన్ను పఠనాలయానికి తీసుకెళ్లారు. శాలువా అంచున బొటనవేలంత మేర పాత రంగు వెలిసిపోయి అలాగే ఉంది. మరచిపోయారేమో అన్నాను.

"మర్చిపోలే. నా రంగు యాడ మొదలైందో రేపొచ్చెటోనికి తెల్వాలె గద. మొఖం జోలికైతే నేను పోనే పోలే."

మర్నాడు లోపలి పేజీలో రెండు వాక్యాల సవరణ వచ్చింది. కానీ మరి బొమ్మ వేసిందెవరు? ఆదివారాలు ఇద్దరం ఆయన సైకిల్ మీద తిరిగి వెతికాం. సుల్తాన్ బజార్‌లో దానికి ఫ్రేము కట్టిన ముసలాయన, అది కవాడిగూడలోని ఒక ఇంటి నుంచి వచ్చిందన్నాడు. ఆ ఇంట్లో కిరాయికున్నవాళ్లు, తాము దిగేనాటికి గోడకు మేకు ఒక్కటే ఉందన్నారు. యాదగిరి గారు వెళ్లి ఆ మేకును వేలితో తట్టి చూశారు.

"మంచి ఎత్తుల కొట్టిన్రు," అన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరి పేరు రాయబోయినా నా కలం ఒక్క క్షణం ఆగేది: చూశానా, అడిగానా?

మొన్న పటాన్ని వెనక్కి తిప్పించి చూశాను. అట్ట మీద ఆయన అతికించిన నా వార్త, దాని కింద సవరణ, రెండూ పసుపెక్కి ఉన్నాయి. వాటి కింద పెన్సిలుతో గీసిన గడి ఒకటుంది. "అసలాయన పేరు దొరికినంక ఆడ అతికియ్యి," అని అప్పుడే నాకు చెప్పారు.

ఆ గడి ఖాళీగానే ఉంది.