వానకు ఏరిన బొక్కలు

కరోనాకు రెండేండ్ల ముందటి ముచ్చట. దసరా పోయి పత్తి ఏరుడు మొదలైన దినాలు. ఆసిఫాబాద్ దిక్కు అడవిల, ఒక వాగు ఒడ్డుకు మూడు డేరాలు ఏసుకొని ఉన్నం మేము. మాది మెట్‌పల్లి దగ్గరి ఊరు, లగ్గమై ఇటు దిక్కు వచ్చిన. పదో తరగతిల ఒక సబ్జెక్టు పోయింది, మళ్ళ రాయలే. గసొంటి నేను ఇయ్యాల ఫాసిల్ తవ్వకాలల్ల పని చేస్తనంటే మస్తు మంది నమ్మరు. ఫాసిల్ అంటే పెద్ద ముచ్చటేం కాదు. ఎప్పుడో కోట్ల ఏండ్ల కింద సచ్చిన జీవి బొక్క, ఎముకన్నట్టు, మట్టిల పడి, రాయి లెక్క అయితది. గంతే.

అసలు నేను పోయింది వంటకు. రెండో దినం బియ్యంల రాళ్ళు ఏరుతుంటే తవ్వకం చేయించే సార్ వచ్చి నా చేతులనే చూస్కుంట నిలవడ్డడు.

"ఏం రజితా, చూడకుండనే ఏరుతున్నవ్?"

"చిన్నప్పటి సంది పత్తి ఏరిన చేతులు సార్. మా వాడల నా అంత జల్ది ఎవ్వరు ఏరరు."

"రేపటి సంది గరిట పక్కకు పెట్టు. బ్రష్ పట్టు."

"మరి వంట?"

"వంట నేను చేస్త."

చేసిండు గూడ. గా పప్పు కుక్క గూడ ముట్టలే.

విశ్వం సార్‌ను ఊర్లల్ల 'బొక్కల సార్' అంటుండె. అరవై దాటినయ్. కాలేజీల చదువు చెప్పే కొలువు ఇడిసిపెట్టి ముప్పై ఏండ్లు గీ వాగులల్ల, గుట్టలల్ల తిరిగిండు. ఒక పన్ను, ఒక తోక ముక్క, సగం దవడ, అన్ని తునకలే దొరికినయ్ ఆయనకు. ఒక్క జంతువన్న తలకాయ సంది తోక దాక, పండుకున్నది పండుకున్నట్టే దొరకాలని ఆయన పాణం కొట్టుకునేది. గట్ల తిరుగుకుంటనే గీ వాగు పక్క గుట్ట మీద రాబందులను చూసిండు. పశువులకు ఇచ్చే ఒక నొప్పుల మందుతోని, ఆ పశువు సచ్చినంక తిన్న రాబందులు గూడ సస్తున్నయని తెలిసి, ఇల్లిల్లు తిరిగి రైతులకు దండం పెట్టిండు, గా మందు ఎయ్యకుండ్రని. ఏ ఊర్ల బర్రె సచ్చినా రాబందులు తిననీకి ట్రాక్టర్ మాట్లాడి గుట్ట కిందికి తెప్పిస్తుండె.

మారుతి కాక అని మాకు కావలి మనిషి, గోండుల పెద్దాయన. సార్ మొకం మీదనే అనేది: "సచ్చినదాన్ని తవ్వుతవ్, సచ్చినదాన్ని తినేటిదాన్ని సాదుతవ్. బతికున్నోళ్ళతోని నీకేం పని లేదా సార్?"

"బతికున్నోళ్ళు నా మాట ఇంటలేరు కాకా," అని సార్ నవ్వేది.

ఆ ఏడు గా గుట్ట కంకర క్రషర్‌కు పోయేటట్టు ఉండె. కాయితాలు నడుస్తున్నయ్. సరిగ్గ గప్పుడే గుట్ట కింద ఎర్రమట్టిల తోక బొక్కలు బయటపడ్డయ్. ఒకదాని ఎనుక ఒకటి, పూసలు గుచ్చినట్టు. సార్ మోకాళ్ళ మీద కూసొని ఒక్కొక్క బొక్కను వేలుతోని లెక్కవెట్టిండు. తర్వాత "ఇది మొత్తం ఉన్నట్టుందే రజితా" అన్నడు.

తాళ్ళతోని నేల మీద గడులు కట్టినం. దీన్ని గ్రిడ్ అంటరు. ఏ బొక్క ఏ గడిల, ఏ దిక్కు మొకం పెట్టి ఉన్నదో బొమ్మ గీసుకోవాలె, నంబర్ ఎయ్యాలె. గా తర్వాతనే ప్లాస్టర్ జాకెట్ ఏసి, మట్టితోని సహా లేపాలె. జాకెట్ అంటే చెయ్యి ఇరిగితే దవాఖానల ఏసే కట్టు అసొంటిదే. ఇవన్ని సార్ చెప్పిండు. నేను ఇన్న. ఇన్న గని, తాళ్ళు ఎందుకో నా లోపటికి పోలే. అబద్ధం ఎందుకు, ముగ్గు లెక్క మంచిగున్నయి అనుకున్న.

సార్ తోక మట్టుకు బొమ్మ గీసుకొని బయలెల్లిండు.

"హైదరాబాద్ పోయి పెద్దసార్లను తోల్కొస్త. ఇది పండుకున్న తీరు వాళ్ళు కండ్లార చూసి రిపోర్టు రాస్తే గుట్ట క్రషర్‌కు పోకుండ ఆగుతది. గుట్ట ఆగితే మీద పక్షులు గూడ ఆగుతయ్. నువ్వు మెల్లగ మట్టి తీస్కుంట ఉండు. ఒక్క బొక్క గూడ పోవద్దు బిడ్డా."

రెండు దినాలు తీసిన. నడుము, పక్కబొక్కలు, మెడ. మెడ ఎనుకకు ఒంగి, తలకాయ ఈపు దిక్కు తిరిగి, పసిపిల్ల అలిగి పండుకున్నట్టు ఉండె. నాది బటన్ ఫోన్, ఫోటో రాదు. నేను, మారుతి కాక, ఇద్దరమే చూసినం దాన్ని.

మూడో దినం పగటీలి మబ్బు పట్టింది. గాలి లేసింది. వాగు అవతలి చేన్లల్ల ఆడోళ్ళు ఉరుక్కుంట పత్తి ఏరుతున్నరు. నా పాణం పరేషాన్. మా ఇంట్ల ఒకసారి గిట్లనే పత్తి తడిసి నల్లవడితే, మా బాపు చేనుల కూలవడి ఏడ్సిండు. గదే కండ్లల్ల మెదిలింది.

"కాకా, సంచులు తే!"

"సార్‌ను రానియ్యి బిడ్డా. పరదా కప్పుదాం."

"గీ గాలికి పరదా ఆగుతదా? వాగొస్తే మొత్తం కొట్కపోతయ్. తడిసేటి పత్తిని చూస్కుంట ఎవరన్న కూసుంటరా?"

"గిది పత్తి కాదు కదనే!"

"నువ్వు సంచి పట్టు కాకా, మాటలు తర్వాత!"

ఏరిన. నా పాత చీర చింపి ఒక్కొక్కటి చుట్టిన. ఒక్కటి ఇరగలే. మేకులు పీకి, తాళ్ళు గూడ చుట్టవెట్టిన, అవి గూడ పోవద్దని. వాన ఒక్క జల్లు కొట్టి పోయింది. వాగుల చుక్క నీళ్ళు పెరగలే. గప్పుడు గూడ నాకు ఖుషీనే.

తెల్లారి జీపు వచ్చింది. సార్ ముందుగాల దిగిండు, కొత్త అంగి తొడుక్కున్నడు. నేను ఎదురుంగ ఉరికిన.

"సార్, వానొచ్చింది! ఒక్కటి గూడ పోలే, అన్ని ఏరిన సార్!"

సార్ సంచుల దిక్కు చూసిండు. తర్వాత ఉత్త ఎర్రమట్టి దిక్కు చూసిండు. చెప్పులిడిసి, మెల్లగ పోయి, అది పండుకున్న జాగల కూసున్నడు.

"మెడ వచ్చిందా రజితా?"

"వచ్చింది సార్. తలకాయ గూడ."

"తలకాయ గూడనా," అన్నడు.

పెద్దసార్లల్ల ఒకాయన సంచి ఇప్పి చూసిండు. "ఎముకలు బాగున్నాయి డాక్టర్ గారూ. కానీ ఇక్కడే, ఇలాగే ఉన్నాయనడానికి ఆధారమేంటి? నాలుగు చోట్ల నుంచి తెచ్చి పోశారన్నా అనొచ్చు."

"నేను చూసిన సార్!" అన్న.

"నీ మాట రిపోర్టులో ఎలా రాస్తామమ్మా?"

గప్పుడు తెలిసింది నాకు, తాళ్ళు ఎందుకు కట్టినమో.

జీపు పోయినంక సార్ తిడుతడని చూసిన. తిడితే మంచిగుండేది. పుస్తకం తీసి "ఏడ్వకు, చెప్పు, ఎట్ల పండుకున్నది?" అన్నడు. నేను చెప్పుకుంట పోయిన, ఆయన గీసుకుంట పోయిండు.

"తలకాయ ఏ దిక్కు తిరిగింది?"

"ఎడమ దిక్కు సార్."

గీసిండు. కింద 'రజిత చూసింది' అని రాసిండు.

ఎండాకాలం క్రషర్ దిగింది. మొదటి పేలుడుకు రాబందులు లేసి, రెండు దినాలు పొగ మీద తిరిగినయ్. మూడో దినం లేవు. సార్ వాటిని లెక్కవెట్టే పుస్తకం పట్టుకొని రోడ్డు మీద నిలవడ్డడు, ఏం రాయకుండనే మూసిండు. ఆయన పోయి రెండేండ్లయితుంది. ముప్పై ఏండ్లు ఆయన ఎతికినదాన్ని నేను రెండు దినాలు చూసి, ఒక్క గడియల సంచిల పోసిన.

ఇప్పుడు నా చేతి కింద నలుగురు ఆడివిల్లలు పని నేర్చుకుంటున్నరు. అందరు పత్తి ఏరినోళ్ళే. మొదటి దినం నేల మీద చింతగింజలు పోస్త. అందరు ఒంగి ఏరవడ్తరు. "చేతులు ఎనుకకు కట్టుకోండ్రి. ముందు ఎట్లున్నయో గట్ల గియ్యుండ్రి. వానొచ్చినా సరే, పరదా కప్పి పక్కకు కూసోండ్రి" అంట. జల్ది చేతులు మంచియే, గని ఆగుడు రాకపోతే అవి గీ పనికి రావు. ఎందుకక్కా అని అడిగితే గీ ముచ్చట చెప్త.

ఒక్కటి మాత్రం వాళ్ళకు చెప్పలే. సార్ బొమ్మలు గీసిన పుస్తకం ఆయన ఇంటోళ్ళు నాకే ఇచ్చిన్రు. అప్పుడప్పుడు తీసి చూస్త. బొమ్మల తలకాయ ఎడమ దిక్కు ఉన్నది. నేను చెప్పిందే. గని గా దినం ఏడ్సుకుంట చెప్పిన. నేను దాన్ని తోక కాడ కూసొని చూసిననా, తలకాయ కాడ కూసొనా? ఎడమంటే నా ఎడమనా, దాని ఎడమనా? మొన్న పోయి మారుతి కాకను అడిగిన.

"నాకు యాది లేదు బిడ్డా," అన్నడు.