నేల గడ్డకట్టాక మా ఆయన

ఆటో కంపెనీలు చతికిలపడ్డ ఏడాది మా ఆయనకు ఆఫీసువాళ్ళు శుక్రవారాలు సెలవిచ్చారు. జీతం కూడా ఆ మేరకు సెలవు తీసుకుంది. మిషిగన్‌లో మా ఊరు నోవైలో ఆయనలాంటి ఇంజనీర్లు కొందరు ఎంబీయేలో చేరారు, కొందరు రియల్ ఎస్టేట్ లైసెన్సుకు చదివారు. మా ఆయన మెటల్ డిటెక్టర్ కొన్నారు.

పొడుగాటి కర్ర, దాని చివర ఒక పళ్ళెం, చెవులకు హెడ్‌ఫోన్లు. ఆ పళ్ళాన్ని గడ్డి మీద అటూ ఇటూ ఊపుతూ, అది కుయ్యిమన్న చోటల్లా కూర్చుని తవ్వుతూ వేసవంతా పార్కుల్లోనే గడిపారు. కూల్‌డ్రింక్ డబ్బాల మూత రింగులు, తుప్పు మేకులు, ఒక చెంచా దొరికాయి. చెంచా వెండిదేమోనని రెండు రోజులు ఆశపడ్డారు. తోమి చూస్తే వెనక ‘స్టెయిన్‌లెస్’ అని ఉంది. తెలిసిన తెలుగువాళ్ళు పార్కు పక్కన కారు ఆపి మరీ నాకు ఫోన్ చేసేవారు.

“వదినా, అన్నయ్య పార్క్‌లో వెతుకుతున్నారు. ఏం పోయింది? రింగా?”

“ఏం పోలేదు, దొరుకుతుందేమోనని వెతుకుతున్నారు” అంటే “అయ్యో” అని ఫోన్ పెట్టేసేవారు.

నేను చలికాలం కోసం కాచుకుని కూర్చున్నాను. మిషిగన్‌లో చలి ముదిరాక నేల గడ్డపారకు కూడా లొంగదు. మంచు కింద గడ్డి కనబడకుండా పోయిన రోజు సంతోషంగా మిరపకాయ బజ్జీలు వేశాను. ఆయన రెండు తిని, మూడోది చేతిలో పట్టుకుని అన్నారు.

“శనివారం క్లబ్ పాట్‌లక్ ఉంది. మనం ఏదైనా తీసుకెళ్ళాలి.”

“నేల గడ్డకట్టాక డిటెక్టర్ల క్లబ్‌కి మీటింగేంటండీ?”

“అసలు సీజన్ ఇప్పుడే స్టార్ట్ అవుతుందట.”

పులిహోర కలిపి తీసుకెళ్ళాను. ఒక చర్చి కింద హాల్లో మీటింగు. అందరూ రిటైరైన అమెరికన్లు. వాళ్ళ మధ్య మా ఆయనే కుర్రాడు. నా పక్కన క్లబ్ ప్రెసిడెంటు భార్య కూర్చుంది. పులిహోర ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, మళ్ళీ పెట్టించుకున్న ధైర్యవంతురాలు. అసలు సంగతి ఆవిడే చెప్పింది.

“వీళ్ళు నేల తవ్వేది ఏడాదిలో నాలుగు రోజులు, హనీ. తక్కిన రోజులు వీళ్ళను ఇంట్లో మేం భరించాలి కదా. అందుకే ఒక్కొక్కడికీ ఇంకో పిచ్చి ఉంటుంది.”

ఫోర్కుతోనే ఒక్కొక్కరినీ చూపించింది. ఎర్ర స్వెటరాయన పాతకాలపు మందు సీసాలు పోగుచేస్తాడు. ఊరికే పోగుచేసి ఊరుకోడు, ఒక్కోదాని మూత తీసి వాసన చూసి అది ఏ రోగానికి వాడిన మందో చెబుతాడు. కళ్ళద్దాలాయన వంశవృక్షాలు రాస్తాడు. తన వంశం అయిపోయాక ఊరందరి మీదా పడ్డాడు. “మా ముత్తాత గుర్రాల దొంగని కనిపెట్టింది ఈయనే. నేను అడగలేదు” అంది ఆవిడ. కిటికీ దగ్గరాయన బేస్‌మెంటు నిండా బొమ్మరైళ్ళ పట్టాలు పరిచాడు. వాళ్ళావిడ బట్టలు ఉతకాలంటే గేటు దగ్గర ఆగి, రైలు వెళ్ళాక దాటాలి. ఇక ప్రెసిడెంటుగారు చెక్కతో చేపబొమ్మలు చెక్కుతారు. మంచు గట్టిపడ్డ సరస్సుకి కన్నం చేసి, ఆ బొమ్మను నీళ్ళలోకి దింపి, దాన్ని చూసి మోసపోయి వచ్చే అసలు చేప కోసం కూర్చుంటారు.

“మోసపోతాయా?” అన్నాను.

“ఇంతవరకూ ఆ బొమ్మలు చూసి మోసపోయింది నేనొక్కదాన్నే. పెళ్ళికి ముందు ఒకటి బహుమతిగా ఇచ్చాడు.”

నేను పడీ పడీ నవ్వాను. నవ్వు ఆగేలోపు మా ఆయన చేతిలో ఒక బకెట్ ఉంది. అందులో బూడిదరంగు గులకరాళ్ళు. మిషిగన్ సరస్సు ఒడ్డున ఏరినవట, ప్రెసిడెంటుగారు ఇచ్చారు. చూడటానికి ఉత్త రాళ్ళే. తడిపితే మాత్రం తేనెపట్టులా ఆరు పలకల గళ్ళు, గడి మధ్యలో నల్లటి కన్ను బయటపడతాయి. ఎప్పుడో ఇక్కడ సముద్రం ఉన్నప్పటి పగడపు జీవులు రాళ్ళయిపోయాయట. మెత్తటి జాతి కాబట్టి మెషిన్‌లో వేయకూడదు, గరుకు కాగితంతో చేత్తోనే రుద్దాలి.

ఆ చలికాలం ఆయన రుద్దారు. తడిపి రుద్ది, కడిగి రుద్ది, ఇంకా సన్నని కాగితంతో రుద్ది, చివరికి నా పాత కాటన్ చీర ముక్కతో మెరుగు పెట్టారు. మా అమ్మాయి స్నేహితురాలితో ఫోన్‌లో, “మా నాన్న రాక్స్‌కి బాత్ ఇస్తున్నాడు. నో, ఎవ్రీడే” అని చెప్పడం నా చెవిన పడింది. కానీ నిజం చెప్పాలి, రాళ్ళు అద్దాల్లా తేలాయి.

సంక్రాంతి వెళ్ళాక ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. మంచు పడుతోంది కదా, జనం రారనుకున్నాను. అందరూ వచ్చారు. తాంబూలంతో ఇవ్వడానికి తెచ్చిన స్టీలు డబ్బాలు చాలలేదు.

“నా స్టోన్స్ ఇద్దాం” అన్నారు ఆయన, ఈ మాట కోసమే ఏడాదంతా బతికినట్టు.

వేరే దారి లేక, మిగిలినవాళ్ళ సంచుల్లో తమలపాకుల కింద ఒక్కో రాయి పెట్టాను.

వారం తర్వాత మా కమ్యూనిటీలో అందరికీ పెద్దదిక్కైన ఒక ఆంటీ ఫోన్ చేశారు. ఆవిడ మాటకు ఇక్కడ గుళ్ళో కూడా ఎదురులేదు.

“అమ్మాయ్, ఆ సాలగ్రామం ఎక్కడ తెప్పించారు? అంకుల్ రోజూ అభిషేకం చేస్తున్నారు. పెట్టిన నాలుగో రోజుకే మా అల్లుడి వీసా ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది!”

ఫోన్ ఆయనకిచ్చాను. ఆయన శుద్ధ ఇంజనీరు, అబద్ధం చెప్పలేరు. సముద్రం, పగడాలు, కోట్ల సంవత్సరాలు, అన్నీ వివరంగా చెప్పారు. ఆంటీ శ్రద్ధగా విన్నారు.

“సముద్రగర్భంలో కోట్ల ఏళ్ళు తపస్సు చేసిందంటావ్. ఇంకేం కావాలయ్యా?” అన్నారు.

ఆయన చెప్పిన సైన్సంతా వారం తిరక్కుండా స్థలపురాణమైపోయింది. సాలగ్రామం నల్లగా ఉండాలి కదా అని ఎవరో అడిగితే, ఇది ఉత్తరదేశపు జాతి అని ఆంటీ తేల్చేశారు. మాకు ఫోన్లు మొదలయ్యాయి. హెచ్‌వన్ స్టాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళుగా చూస్తున్నవాళ్ళు, లేఆఫ్ భయంతో నిద్రపట్టనివాళ్ళు, అందరూ ఒక్కో రాయి అడిగి పట్టుకెళ్ళారు. వేసవంతా జాలిపడినవాళ్ళే ఇప్పుడు ఆయన్ని “సార్” అంటున్నారు. “అది ఫాసిల్ అండీ” అని ఆయన మొత్తుకుంటే, పెద్దవాళ్ళ వినయం అలాగే ఉంటుందని మెచ్చుకున్నారు.

ఫిబ్రవరిలో ఆంటీ ఏడుపుగొంతుతో ఫోన్ చేశారు.

“స్వామి కళ తప్పాడు! మా వల్ల ఏం అపచారం జరిగిందో!”

వెళ్ళి చూశాం. రాయి తెల్లబారి, గళ్ళు మసకబారి ఉంది. అంకుల్ తల వంచుకుని నిలబడ్డారు, శాంతి హోమం సంగతి కూడా అప్పటికే వాకబు చేశారట. మా ఆయన రాయిని వెలుతురులో తిప్పి చూశారు.

“అభిషేకం దేంతో చేస్తున్నారంకుల్?”

“పంచామృతాలతో. పెరుగు కాస్త ఎక్కువే పోస్తాను.”

“పుల్లటి పెరుగా?”

“ఇక్కడ కమ్మటిది ఎక్కడ దొరుకుతుంది నాయనా!”

“అదే ప్రాబ్లమ్. ఇది సున్నపురాయి. పులుపు తగిలితే పైపొర తినేస్తుంది. మళ్ళీ పాలిష్ చేస్తే సరి” అని జేబులోంచి గరుకు కాగితం తీశారు.

ఆంటీ ఆపారు. స్వామిని అలా ముట్టుకోకూడదు. స్నానం చేయమన్నారు, అంకుల్ పట్టుపంచె ఇచ్చారు. బయట మోకాలి లోతు మంచు. లోపల మా ఆయన పొట్టిదైన పంచె కట్టుకుని పీట మీద కూర్చుని గరుకు కాగితంతో రాయి రుద్దుతుంటే, అంకుల్ పక్కన కూర్చుని పురుషసూక్తం చదివారు. నాకు నవ్వొస్తోంది, పెదవి కొరుక్కుని దణ్ణం పెట్టుకున్నట్టు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గళ్ళు బయటపడుతున్నాయి. ఆంటీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆవిడ ముఖం చూశాక నాకు నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆయన గోళ్ళలోని రాతిపొడి దులుపుకున్నారు.

“నేను నిజమే చెప్పాను కదా?” అన్నారు.

“నిజమే చెప్పారు” అన్నాను.

ఆ తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళూ పిలిచారు. ఆయన వెళ్ళారు, రుద్దారు, పులుపు తగలనీయొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పి వచ్చారు.

రెండేళ్ళ తర్వాత దగ్గర్లో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. అక్కడ మాకెవరూ తెలియదు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కోడలు దేవుడి ముందు పంచామృతాలు సర్దుతుంటే, నేనెప్పుడూ చూడని ఒకావిడ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని పెరుగు గిన్నె పక్కకు జరిపింది.

“మన దగ్గర వేరమ్మా. మిషిగన్ సాలగ్రామాలకి పెరుగు నిషిద్ధం. ఈ క్షేత్రం ఆచారం అది.”

కోడలు తలూపి, గిన్నె తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది.