వంటింటి అలుకు

తిరువూరులో నేను కాపురానికి వచ్చిన ఇల్లు మూడు గదుల పెంకుటిల్లు. ముందుగది, పడకగది, వెనక వంటిల్లు. మూడింటికీ మట్టి నేలే. వంటిల్లు పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఎనిమిది. టేపు పెట్టి కొలిచాను కాబట్టి చెబుతున్నాను. అది 1971. ఆ ఏటి నుంచి గోడ క్యాలెండర్లు ఒక్కటీ పారేయలేదు. ట్రంకుపెట్టెలో వరసగా ఉన్నాయి.

ఇల్లు శుభ్రంగా ఉంచడానికి మా అత్తగారి దగ్గర పెద్ద ఉపాయాలేమీ ఉండేవి కావు. కొన్ని అలవాట్లు, వాటికి వేళలు, అంతే. తెల్లవారగానే వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాలి. వాకిలికి ఈనెల చీపురు, ఇంట్లోకి మెత్త చీపురు. ఒకదాని పని రెండోదానితో చేస్తే ఊరుకునేవారు కాదు. ఇల్లు రోజుకు మూడుసార్లు ఊడ్చాలి, మూడోసారి దీపం పెట్టకముందే అయిపోవాలి. ఏ వస్తువైనా తీసిన చోటే పెట్టాలి. కళ్ళు మూసుకుని చెయ్యి చాపినా ఉప్పు జాడీ దొరకాలి అనేవారు. కరెంటు పోయినప్పుడు నిజంగానే దొరికేది. సోమవారం ముందుగదీ పడకగదీ అలకాలి, గురువారం వంటిల్లు.

అలకడం చూడనివాళ్ళ కోసం చెబుతాను. పేడ రెండు పాళ్ళు, జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, నీళ్ళు పోసి జావలా కలిపి, గొంతుక్కూర్చుని చేత్తో నేలంతా పూయాలి. చెయ్యి ఎంత దూరం సాగితే అంత వంపు తిరుగుతుంది. ఆరాక ఆ వంపులు నేల మీద వరసలుగా నిలిచిపోతాయి. వాటిని చూసి అలికింది ఎవరో చెప్పొచ్చు. అత్తగారిది పొడవు చెయ్యి. వంటింటి వెడల్పుకి ఆవిడకు ఎనిమిది వంపులు పట్టేవి, లెక్కపెట్టాను.

మొదటి రెండేళ్ళలో ముందుగదీ పడకగదీ నా చేతికి వచ్చాయి గానీ, వంటిల్లు రాలేదు. అడిగితే, "నీ చెయ్యి ఇంకా తిరగలేదమ్మాయ్" అనేవారు. తిరగడానికి చెయ్యనివ్వాలి కదా అని లోపల అనుకునేదాన్ని. వంటిల్లు ఎవరు అలికితే ఇల్లు వాళ్ళది అని అప్పట్లో నా నమ్మకం. అది నాకు కావాలి, మొత్తం కావాలి.

1973 మే నెలలో అత్తగారు ఆవకాయ కాయల కోసం రెడ్డిగూడెంలో తన చెల్లెలి ఇంటికి బయల్దేరారు. నాలుగు రోజులుంటానన్నారు. మూడో రోజు గురువారం పడింది. ఆ నెలకి అదే ఆఖరి గురువారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా ఆయన బయటికి వెళ్ళగానే, కొంగు బిగించి వంటింట్లోకి దిగాను. తలుపు దగ్గర వెలుతురు బాగుందని అక్కడే మొదలుపెట్టాను. ఎంతో శ్రద్ధగా అలుక్కుంటూ వెళ్ళి, చివరికి పొయ్యి మూలకు చేరి, తలెత్తి చూశాను. నాకూ గడపకూ మధ్య పన్నెండు అడుగుల తడి నేల. ఎదుటి గోడ దగ్గర మొదలుపెట్టి గడప వైపు వెనక్కి జరుగుతూ రావాలన్న మొదటి పాఠమే మరిచిపోయాను. మిగతా రెండు గదుల్లో ఒక్కసారి కూడా తప్పలేదు.

నడిచి రావచ్చు. కానీ అడుగులు పడతాయి. అవి ఆరి, ఆవిడ వచ్చేదాకా అలాగే ఉంటాయి. అందుకని బోర్లించిన ఇత్తడి బిందె మీద కూర్చున్నాను.

అరగంట గడవకముందే వీధి తలుపు చప్పుడైంది. అత్తగారు ఒక రోజు ముందే వచ్చేశారు. మామిడికాయల గంప దించి, గడప దగ్గరికి వచ్చి, నేలనూ నన్నూ చూశారు.

"ఏంటమ్మాయ్, పొయ్యికి కాపలా కూర్చున్నావా?"

"ఆరేదాకా రాలేనండి, అత్తయ్యా."

"ఎవరు రమ్మన్నారు? కూర్చో."

ఆవిడా గడప అవతల చతికిలబడ్డారు. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటావిడ తొంగిచూసి, "ఏం వదినా, కోడల్ని లోపలేసి గడప కాస్తున్నావా?" అంది.

"నేనెక్కడ వేశాను? కోట తనే కట్టుకుంది. నేను ఉత్త జవానుని."

ఇద్దరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. పక్కింటావిడ వెళ్ళాక అత్తగారు ఒక మామిడికాయ చెక్కి, ముక్కకు ఉప్పద్ది, నా వైపు విసిరారు. ఒళ్ళో పడింది.

"పెనుగొలను నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేనూ ఆ మూలే కూర్చున్నా. మా అత్త తలుపేసి పేరంటానికి పోయింది. ఈ ముక్క కూడా లేదు నాకు."

"మరి మీరేం చేశారండి?"

"ఏం చేస్తాను? గోడమీద బల్లుల్ని లెక్కపెట్టా. నాలుగు."

ఆ మధ్యాహ్నం నేల ఆరడానికి గంటం పావు పట్టింది. రెండేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఆ గంటం పావుకు సరిపోవు. లేచేముందు ఆవిడ నేల మీద నా వంపులు వేలితో లెక్కపెట్టారు. "పదకొండు పట్టాయి. చిన్న చెయ్యి. అయినా ఎక్కడా ఎగుడుదిగుడు లేదు" అన్నారు.

తర్వాతి గురువారం, జూన్ మొదటిది, కలిపిన పేడ బకెట్టు వంటింటి మధ్యలో పెట్టి, "ఎడం పక్క నీది, కుడి పక్క నాది" అన్నారు. మొత్తం ఇవ్వలేదని నాకు కొంచెం కష్టంగానే ఉంది. ఇద్దరం ఎదుటి గోడ దగ్గర పక్కపక్కన కూర్చుని, ఒకే వేగంతో వెనక్కి జరుగుతూ గడప దాకా వచ్చాం. వేగం కలవడానికి మూడు నాలుగు వారాలు పట్టింది. తర్వాత మాట్లాడుకుంటూ అలికేవాళ్ళం. మధ్యలో ఆవిడ పొడవు వంపూ నా పొట్టి వంపూ ఆనుకునే చోట ఒక గీత ఏర్పడేది. గడప దాటగానే నేను క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో చుక్క పెట్టేదాన్ని.

1978 సంక్రాంతి అయ్యాక ఎ.కొండూరులో మా ఆడపడుచు ఇంట్లో సిమెంటు గచ్చు చూశాను. ఎర్రగా, నున్నగా, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మాకూ వేయించాలని మా ఆయన దగ్గర పట్టుబట్టింది నేనే. ఎవరి మీదా తోయను. అత్తగారు అడ్డు చెప్పలేదు. "మోకాళ్ళకు సుఖం" అన్నారు.

శనివారం పొద్దున మేస్త్రి వస్తానన్నాడు. దానికి ముందు వచ్చిన గురువారం, జనవరిలో ఆఖరిది, నేను జాడీలూ డబ్బాలూ ముందుగదిలోకి మోస్తున్నాను. అత్తగారు బకెట్టు తెచ్చి మధ్యలో పెట్టారు.

"ఎల్లుండి తవ్వేసే నేలకి అలుకెందుకు, అత్తయ్యా?"

"ఎల్లుండి సంగతి ఎల్లుండి. ఇవాళ గురువారం."

నాకు పనుంది, మీరు కానివ్వండి అన్నాను. సాయంత్రం చూస్తే కుడి సగం తడిగా, ఎనిమిదిలో సగం నాలుగు వంపులు, ఎప్పటిలాగే. ఎడమ సగం పోయిన వారం ఎలా ఉందో అలాగే పొడిగా ఉంది.

"ఎడం పక్క వదిలేశారేంటండి?"

"నీ సగం నేనెలా అలుకుతానమ్మాయ్? బకెట్‌లో ఇంకా ఉంది, చూడు."

"ఇప్పుడెందుకులెండి."

ఆవిడ బకెట్టు పట్టుకెళ్ళి పెరట్లో మల్లెమొక్క మొదట్లో పోసి, చేతులు కడుక్కున్నారు.

శనివారం మేస్త్రి వచ్చాడు. గచ్చు బాగా కుదిరింది. వంటిల్లు మొత్తం నా చేతికి వచ్చింది. తుడవడానికి పది నిమిషాలు, ఒక మనిషి చాలు. గురువారాలు అత్తగారు గడప దాకా వచ్చి, "అయిపోయిందా అప్పుడే?" అని అడిగి, వెళ్ళి అరుగు మీద కూర్చునేవారు. మరుసటి ఏడు కార్తీకంలో పోయారు.

మొన్న క్యాలెండర్లు తీసి మళ్ళీ లెక్క చూసుకున్నాను. 1973 జూన్ మొదటి గురువారం నుంచి 1978 జనవరి ఆఖరి గురువారం దాకా మొత్తం రెండు వందల నలభై మూడు. నెలసరికి నేను దూరంగా కూర్చున్నవీ, పురుళ్ళకు పుట్టింటికి వెళ్ళినవీ, ఆవిడ ఊళ్ళకు వెళ్ళినవీ యాభై అయిదు తీసేస్తే, నూట ఎనభై ఎనిమిది ఉండాలి. చుక్కలు నూట ఎనభై ఏడే ఉన్నాయి. ఆ ఆఖరి గురువారం గడి ఖాళీ. పెన్సిల్ చేతిలోనే ఉంది. ఇప్పుడు పెట్టినా అడిగేవాళ్ళు లేరు. కానీ లెక్క తప్పవుతుంది. క్యాలెండర్ చుట్టి పెట్టెలో పెట్టేశాను, తీసిన చోటే.