అమెరికా కవికి నేను దిద్దిన అచ్చుతప్పులు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో మహా ధీమా. ఒకటి నా ఇంగ్లీషు, రెండోది నా తెలుగు. ఆ రెండూ ఎదుటివాళ్ళకు సరిగ్గా రావని కూడా అంతే ధీమా. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో పరాయి దేశంలో, రిక్కార్టన్ అనే పేటలో ఫ్లాట్ తీసుకుని ఇంగ్లీషు ఎం.ఏ. వెలగబెడుతున్నాను. పక్క ఫ్లాట్‌లో ఫిజీ నుంచి వచ్చిన తెలుగు ఆంటీ ఉండేది. రోజూ సాయంత్రం మా పెరళ్ళ మధ్య ఫెన్సు మీంచి తొంగిచూసి "బువ్వ తిన్నావేటే?" అనేది. "భోజనం చేశావా అనాలాంటీ" అని దిద్దేదాన్ని. (దిద్దాక ఆవిడ పెట్టిన చేపల పులుసు మాత్రం లొట్టలేసుకుంటూ తినేదాన్ని.)

ఆ ఏడు సెమినార్‌లో నా వంతుకు పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా హాస్యకవి ఒకాయన జీవితం వచ్చింది. దుకాణం నడుపుకుంటూ, తీరిక వేళల్లో జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళ ఇంగ్లీషు యాసలో కవితలల్లి జనాన్ని నవ్వించిన మనిషి. బాగా మాట్లాడితే పాస్, లేకపోతే ఆ పేపరు మళ్ళీ మొదటినుంచి. కవిత చూద్దును కదా, లైనుకి నాలుగు స్పెల్లింగ్ తప్పులు! యాస నోటికే గాని రాతకు ఉండదనుకుని, పాపం, వ్యాపారస్తుడు, చదువు అబ్బలేదు కాబోలని జాలిపడి, ఎర్రపెన్నుతో అన్నీ దిద్ది, నీటుగా టైపు చేసి క్లాసులో అందరికీ పంచాను.

గొంతు సవరించుకుని చదివాను. ఒక్కరూ నవ్వలేదు. మా ట్యూటర్ కళ్ళజోడు సర్దుకుని, "ఆయన జీవితం బాగా చెప్పావు. కానీ ఈ కవితలో జర్మన్ మనిషి ఎక్కడ?" అన్నాడు.

"దిద్దేశానండీ" అన్నాను గర్వంగా.

అప్పుడు నవ్వారు చూడండీ, కిటికీ అద్దాలు అదిరాయి! నాకు తల కొట్టేసినట్టయింది. ట్యూటర్ అసలు పుస్తకం చేతికిచ్చి, "రాసినట్టే చదువు" అన్నాడు. చదవక చస్తానా! ఆ బెదురులో నా కాన్వెంటు ఇంగ్లీషు ఎటు పోయిందో, అచ్చం గుంటూరు యాస బయటపడి జర్మన్ యాసతో వియ్యమందింది. ఈసారి నవ్వు కవితకే. సగానికొచ్చేసరికి నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను. పాసయ్యాను.

ఆ సాయంత్రం ఆంటీ మామూలుగానే, "బువ్వ తిన్నావేటే?" అంది.

"లేదాంటీ, బువ్వ పెట్టండి" అన్నాను.

"ఓలమ్మో, నీకు తెలుగొచ్చీసినాదే!" అంది ఆవిడ.

ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఇక్కడే పుట్టిన మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే, "అమ్మా, నాకు ఆకలి వచ్చింది" అంది. 'వేస్తోంది అనాలే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "వచ్చిందా? రా, బువ్వ పెడతాను" అన్నాను. అన్నం కలుపుతూ, ఎర్రపెన్ను పట్టుకున్న ఆనాటి పిల్లని తలుచుకుని నాలో నేనే నవ్వుకున్నాను.