భయమున్న చెయ్యి

మీర్‌పేట్‌లో మేముండే గల్లీ చివర పాత ఇనుప సామాన్ల దుకాణం ఒకటుంది. అప్పుడప్పుడు పొద్దుటి పూట వాళ్ళు రాగి కోసం కరెంటు వైర్లను కుప్పపోసి కాలుస్తారు, మంట నిలవడానికి పైన ఓ పాత టైరు పడేస్తారు. ఆ నల్లటి పొగ మా వంటింటి కిటికీ దాకా రాకముందే నా నాలుక మీద చేదు పుడుతుంది. ఇంట్లో మిగతావాళ్ళు కిటికీ మూసేసి తమ పని చూసుకుంటారు. నేను మాత్రం పొయ్యి మీద చాయ్ సంగతి మరిచిపోయి, చేతులు రెండూ చంకల్లో దాచుకుని, కాసేపు ఏడో తరగతి పిల్లనైపోతాను.

మాది నల్లగొండ దగ్గర పల్లె. నాకు ఊహ తెలిసేసరికే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీది రెండు గదుల్లో కిరాయికి ఉన్నాం. నాన్న ట్రాలీ ఆటో నడిపేవాడు, అమ్మ కిటికీ పక్కన మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది. మా గల్లీ నిండా హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, వాటి ముందు మిర్చి బజ్జీల బండ్లు. గోడలన్నీ ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. ఎండాకాలమొస్తే డాబా మీద సగం మేర కింది ఇంటి రత్నకుమారి ఆంటీ మాగాయ ముక్కలు, సగం మేర మా అమ్మ ఎండు మిరపకాయలు ఎండేవి, ఆ రెంటి మధ్య సందులో నేనూ పక్కింటి పిల్లలూ అష్టాచెమ్మా గీసుకునేవాళ్ళం. వాన గట్టిగా పడితే మూసారాంబాగ్ బ్రిడ్జి మీదికి నీళ్ళొచ్చి నాన్న చుట్టూ తిరిగి ఆలస్యంగా వచ్చేవాడు, అందాకా అమ్మ మిషన్ తొక్కుడు ఆగేది కాదు.

రత్నకుమారి ఆంటీ, అంకుల్ మా ఇంటి ఓనర్లు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఆవిడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసింది, ఆయనకు మెయిన్ రోడ్డు మీద పచ్చళ్ళ దుకాణం ఉండేది. పొద్దున్నే తలంటుకున్న జుట్టు తువ్వాలుతో చుట్టుకుని ఆవిడ ముగ్గు వేస్తూ, మేడ మెట్లు దిగే ప్రతి ఒక్కరినీ "టిఫిను తిన్నావా?" అని అడిగేది. తినలేదంటే ఊరుకునేది కాదు.

మా ఇంట్లో ఇంకొకరు ఉండేవాళ్ళు: సైదులు మామ, మా అమ్మ తమ్ముడు. డిగ్రీ అయ్యాక పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి కోచింగ్ తీసుకోవడానికి ఊరి నుంచి వచ్చాడు. పొద్దున చీకటితో లేచి మైదానం చుట్టూ పరిగెత్తి, చెమటతో తడిసి వచ్చి, నానబెట్టిన శనగలు నములుతూ నాకు లెక్కలు చెప్పేవాడు. రోడ్డు మీద పంచే కోచింగ్ కాగితాలతో ఆయన చేసిన రాకెట్లు ఎదురు మేడ దాకా పోయేవి. మామ పక్కనుంటే నాకు కుక్కన్నా, మాస్టారన్నా, కరెంటు పోయిన మెట్లన్నా భయముండేది కాదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఎప్పుడూ లారీల మోతతో ఊగిపోయే విజయవాడ రోడ్డు నడిమధ్యన మేం చెప్పుల్లేకుండా పరిగెత్తాం. పెద్దవాళ్ళకు అది పోరాటం, మాకు ముందుగానే వచ్చిన దసరా సెలవులు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి గుండిగల్లో అన్నం, పప్పుచారు వండితే, గులాబీ రంగు చల్లుకున్న మొహాలతో అందరం వరసగా కూర్చుని విస్తళ్ళలో తిన్నాం. ఆడవాళ్ళు తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మలు పేర్చి తారు రోడ్డు మీదే ఆడారు. ఇంటికొచ్చాక మా అమ్మ జొన్నరొట్టె, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టిన మలీద కింది ఇంటికి కూడా పంపింది. ఆంటీ తలుపు సగమే తీసి గిన్నె అందుకుంది. ఆ వారమే అంకుల్ స్టూలెక్కి, తన దుకాణం బోర్డు మీది 'ఆంధ్ర' అనే మాట మీద తెల్ల రంగు పూయడం చూశాను. రంగు పలచనై అక్షరాలు లోపల్నుంచి కనబడుతుంటే మళ్ళీ మళ్ళీ పూశాడు. ఆ పెద్దాయన అంత భయపడటం నాకు వింతగా అనిపించింది. పెద్దవాళ్ళకు భయం ఉండదనుకునేదాన్ని.

బందు రోజు నేను పోరు పెడితే, మామ నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఎల్బీనగర్ చౌరస్తాకు తీసుకుపోయాడు. నన్ను డివైడర్ మీద నిలబెట్టి, "ఈడికెళ్ళి కదలకు పిల్లా, గిప్పుడే ఒస్త" అన్నాడు. రోడ్డుకు అడ్డంగా టైర్లు పేర్చి ఉన్నాయి. ముందు రోజు వానకు తడిసి అవి మండకుండా పొగ కక్కుతున్నాయి. నా వయసు పిల్లలు కొందరు దగ్గరికి పోతుంటే మామ చేతులు చాపి వాళ్ళను వెనక్కు నెడుతున్నాడు. అంతలో ఎవరో సీసాలోంచి పెట్రోలు విసిరారు. మంట నేల మీంచి లేచి, గాలి వాటుకు మామ వైపు తిరిగింది. ఆయన టెర్లిన్ చొక్కా వేసుకున్నాడు. మొహానికి కుడి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాను. ఆ తర్వాత చెయ్యి కనబడలేదు. తడి గోనెసంచులతో మనుషులు ఆయన మీద పడ్డారు. చుట్టూ నినాదాలు ఇంకా ఆగనే లేదు. వాటి మధ్య మామ "అక్కా! అక్కా!" అని మా అమ్మను పిలవడం నాకు వినబడింది. అమ్మ అక్కడ లేదు.

పెద్ద దవాఖానలో ఆయన చాలా వారాలు ఉన్నాడు. నన్ను ఒక్కసారి తీసుకుపోయారు. వార్డు గుమ్మంలోనే మందు వాసనకూ, పచ్చి పుండు వాసనకూ నా కాళ్ళు ఆగిపోయాయి. అక్కణ్ణించి నా భయం మొదలైంది. గ్యాస్ పొయ్యి భగ్గుమంటే బాల్కనీలోకి ఉరికేదాన్ని. బళ్ళో సారు స్పిరిట్ దీపం వెలిగించగానే బెంచీ కింద దూరాను, క్లాసంతా నవ్వింది. అంత పెద్దపిల్లనై పక్క తడిపేదాన్ని. అమ్మ దుప్పటి ఉతికి డాబా మీద మూలకు ఆరేసేది. దీపావళికి మా గదిలో దీపం పెట్టలేదు.

మామ ఇంటికొచ్చాడు గాని వచ్చింది ఆ మామ కాదు. మెడ కుడి వైపుకు లాగేసి ఉండేది. కుడి చేతి వేళ్ళ చర్మం మానుతూ మానుతూ బిగుసుకుని అరచేతి లోపలికి ముడుచుకుంటోంది. రోజూ నూనె రాసి మెల్లగా సాగదీయాలని, లేకపోతే పిడికిలి మూసుకుపోతుందని డాక్టర్లు చెప్పి పంపారు. అమ్మ చెయ్యి పట్టుకుంటే చాలు, మామ గోడకేసి తల కొట్టుకునేవాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చేది.

ఆ అరుపులు విని ఒక మధ్యాహ్నం రత్నకుమారి ఆంటీ గోరువెచ్చని కొబ్బరినూనె గిన్నెతో మెట్లెక్కసాగింది. వెనక కింద నుంచి అంకుల్ గొంతు: "ఆ కుర్రాడు ఎక్కడ తిరిగి కాల్చుకున్నాడో తెలిసి కూడా పైకి పోతున్నావా? రేపు మన గేటుకే నిప్పెడతారు వీళ్ళు!"

ఆంటీ మెట్ల మీదే ఆగి, "నిప్పు కాల్చాక అందరి చర్మం ఒకటేనండీ" అంది. గదిలోకి వచ్చి మామ పక్కన చాప మీద కూర్చుంది. మామ మొహం తిప్పుకున్నాడు. "ఎవలొద్దు నాకు. పోండ్రి" అన్నాడు. "సరే బాబూ, పోతాలే" అంటూనే ఆవిడ ఆ చెయ్యిని తన ఒడిలో పెట్టుకుంది.

రోజూ వచ్చేది. కొన్నాళ్ళకు నన్ను తువ్వాలు పట్టుకొమ్మంది. తర్వాత నూనె గిన్నె పట్టుకొమ్మంది. ఒకరోజు నా చెయ్యి లాగి మామ చిటికెన వేలు మీద పెట్టింది. ఆ చర్మం ఎండిన తోలులా గట్టిగా, మెరుస్తూ, వేడిగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"నాకు భయమైతుంది ఆంటీ" అన్నాను.

"అవనీవే. నాకూ అవుతుంది, ఇన్నేళ్ళు చేసినదాన్ని. భయమున్న చెయ్యే మెత్తగా పట్టుకుంటుందమ్మా. అది లేని చెయ్యి విరిచేస్తుంది. నీ భయాన్ని వేళ్ళల్లోకి తెచ్చుకో, కాళ్ళల్లోకి పోనివ్వకు, పారిపోతావు."

అప్పటికి నాకా మాట పూర్తిగా అర్థం కాలేదు. వణుకుతూనే ఆ వేలు పట్టుకున్నాను. మామ పళ్ళు కొరుక్కున్నాడు గాని అరవలేదు. వేలు వెంట్రుకవాసి కదిలింది. కొన్ని వారాలకు చిటికెన వేలు, ఉంగరం వేలు నా వంతయ్యాయి, మిగతావి ఆంటీవి. మామ పెన్ను పట్టుకునే రోజు వస్తుందని మేం నమ్మాం. ఆయన కూడా కోచింగ్ పుస్తకాలు అటక మీంచి దింపించాడు.

కాని ఒక పొద్దున గేటు మీద బొగ్గుతో, వెళ్ళిపొమ్మని రాసి ఉంది. ఎవరు రాశారో తెలియదు. నాన్న తడిగుడ్డతో తుడిచాడు, మర్నాడు మళ్ళీ రాశారు. అంకుల్ అన్నం మానేశాడు. దుకాణం మూసి, ఇల్లు అమ్మేసి, వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు ఆంటీ మా అమ్మను పట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం, "రోజూ తియ్యి, మానకు" అని చెప్పింది. మేం ఇంకో గల్లీకి మారాం.

నేను మానలేదు. మామే మానేశాడు. ఆవిడ ఊరు వదిలి వెళ్ళాక నొప్పిని ఓర్చుకునే మనసు ఆయనకు పోయింది. "చాలు పిల్లా, ఇడిసిపెట్టు. గీ చెయ్యి తోని నాకేం పని" అని చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు. ఊరికి పోయాడు. నేను సెలవులకు పోయిన ప్రతిసారీ ఆ పిడికిలి ఇంకొంచెం మూసుకుని కనబడేది, చివరికి పూర్తిగా మూసుకుంది. రాష్ట్రం వచ్చిందని ఎల్బీనగర్‌లో పటాకులు కాలుస్తుంటే, అందరూ రంగులు చల్లుకుంటుంటే, మా అమ్మ కిటికీలు మూసింది. పోలీసు ఉద్యోగాలు పడ్డప్పుడు మామ దరఖాస్తు పెట్టలేదు.

ఇంటర్ అయ్యాక మా గల్లీ పిల్లలందరూ ఇంజనీరింగ్ అంటే నేను ఫిజియోథెరపీ అన్నాను. "మంటను చూస్తెనే ఉరుకుతవు, దవాఖానల ఏం జేస్తవు బిడ్డా?" అని నాన్న పరేషాన్ అయ్యాడు. ఆయన అన్నది నిజమే. కాలిన గాయాల వార్డులో మొదటి రోజు ఆ పాత వాసన తగలగానే బయటికొచ్చి కక్కుకున్నాను. నల్లా కింద మొహం కడుక్కుంటుంటే కాళ్ళు గేటు వైపే లాగాయి. లోపల స్టవ్ పేలి కాలిన ఒకామె చెయ్యి చాపుకుని పడుకుని ఉంది, ఆమె వేళ్ళు లోపలికి ముడుచుకోవడం అప్పుడే మొదలైంది. అవి ఎంత దూరం మూసుకుంటాయో ఆ గదిలోని విద్యార్థుల్లో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఆ సంగతే నన్ను వెనక్కి నడిపించింది. నా చేతి వణుకు చూసి మా మేడం, "భయపడుతున్నావా?" అంది. అవునన్నాను. ఆ వణుకుతోనే చదువు పూర్తి చేశాను, దాంతోనే ఉద్యోగం తెచ్చుకున్నాను. ఇప్పుడు కాలిన చేతుల వ్యాయామాల గది మొత్తం నా చేతి కింద ఉంది. కొత్తగా వచ్చే పిల్లల్లో ధైర్యంగా చకచకా లాగేసేవాళ్ళను చూస్తే నాకు గుండె దడ. వణికేవాళ్ళను నా పక్కన నిలబెట్టుకుంటాను.

మామను ఒప్పించి ఆపరేషన్ చేయించడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆలస్యమైంది. బొటనవేలు, చూపుడువేలు మాత్రం తెరుచుకున్నాయి, గ్లాసు పట్టుకుంటాడు. పెన్ను పట్టలేడు, ఇప్పుడు పట్టుకున్నా చేసేదేమీ లేదు. ఆంటీకి ఈ సంగతి చెబుదామని ఆమె ఊరు వెతుక్కుంటూ పోయాను. తలుపు తీసిన అంకుల్ నన్ను గుర్తుపట్టలేదు. వెనక గోడకు ఆంటీ ఫొటో, దానికి దండ ఉంది.

మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు మామ మొదటిసారి, "ఎల్బీనగర్ల ఆ జాగ చూపియ్యి" అని అడిగాడు. తీసుకుపోయాను. పైన మెట్రో, దాని పక్కన ఫ్లైఓవర్లు, కింద అండర్‌పాస్. నేను నిలబడ్డ డివైడర్ లేదు, మూల మీది చాయ్ హోటల్ లేదు, ఆ చౌరస్తాయే లేదు. పిల్లర్ల మధ్య ఇటు నడిచాం, అటు నడిచాం.

"గీడనేనా?" అన్నాడు మామ.

"తెల్వదు మామ" అన్నాను.

జామకాయల బండి పిలగాణ్ణి అడిగాడు, పాత చౌరస్తా ఎక్కడని. "ఏమో అన్న, నేను గీ మధ్యనే ఒచ్చిన" అన్నాడా పిలగాడు. మామ ఇంకాసేపు నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. హారన్లు మోగుతున్నాయి. "పా, బస్సు పోతది" అన్నాడు.

నల్లగొండ బస్సు ఎక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, తల ఊపాడు. బస్సు మలుపు తిరిగాక, ఆ రోజు అక్కడ ఏం జరిగిందో తెలిసిన మనిషి ఆ రోడ్డు మీద నేనొక్కదాన్నే మిగిలాను.