కుప్పమ్మ కలబంద

సత్యవేడు చుట్టుపక్కల ఏ ఆవుకు పొదుగు వాచినా కుప్పమ్మకే కబురు వచ్చేది. పొద్దు పొడవకముందే వంకగట్టున కలబంద కోసి, ఒళ్లో కట్టుకుని, తల వంచుకుని నడిచేది. మందు తెచ్చేటప్పుడు నోరు విప్పితే అది పనిచేయదని అత్త నేర్పింది. ఊళ్లో అందరికీ తెలుసు కనుక ఎవరూ పలకరించేవారు కాదు. కలబందలో పసుపు, సున్నం వేసి నూరి, పొదుగుకు పట్టించాకే ఆమె మొదటి మాట. "ఇంక బయం లేదు, తల్లీ" అని ఆవుతోనే అనేది.

యుద్ధం వల్ల తోళ్లకు గిరాకీ పెరిగిన ఏడు ఒకనాడు ఆమె అలా పోతుంటే, తోళ్ల పనికి కొత్తయిన చెంగయ్య చచ్చిన ఎద్దు పక్కన కూర్చుని కత్తి నూరుతున్నాడు. ఎద్దు ముక్కులోంచి నల్లటి నెత్తురు కారి ఉంది. దొమ్మరోగం. కోసినవాడికీ అంటుకుంటుంది. కుప్పమ్మ నిలబడి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. చెంగయ్య నవ్వాడు. "నిన్ను పలకరించనులే అక్కా, పో. నీ మందు చెడిపోతాది." ఆమె పెదవులు కదిలాయి. కలబంద జిగురు కోకను తడుపుతోంది. నడిచి వెళ్లిపోయింది. ఆనాడు మందు పట్టించిన ఆవు కోలుకుంది. వారం తిరక్కుండా చెంగయ్య చేతిమీద నల్లటి పుండు లేచి చచ్చిపోయాడు. అతని పెండ్లాం తాయమ్మ వచ్చి కుప్పమ్మ గడప దగ్గర కూర్చుంది. "నువ్వు ఆడ నిలబడినావని ఆయనే చెప్పినాడు. ఒగ మాట చెప్పుంటే ఏమయ్యేది అక్కా?" ఆనాటి నుంచి కుప్పమ్మ కలబంద ఒళ్లో పెట్టుకుని దారిలో కనబడిన ప్రతివాళ్లతోనూ మాట్లాడేది. ఆవులు మునుపటిలాగే కోలుకునేవి. అదే ఆమెకు మింగుడుపడేది కాదు.