భీమక్క వసారాలో నవ్వులు

విత్తనానికి చెనక్కాయలు చేత్తోనే ఒలవాలి. మిషన్లో వేస్తే గింజ చిట్లుతుంది, చిట్లింది మొలవదు. అందుకే ఎర్రగుంట్ల దగ్గరి ఆ పల్లెలో తొలకరికి ముందు ఆడవాళ్లంతా భీమక్క వసారాలో చేరేవాళ్లు. చేతుల కంటే నోళ్లకే పని ఎక్కువ. భీమక్క నవ్వించడం మొదలుపెడితే ఒడిలో కాయలు నేలపాలే. అందరికంటే గట్టిగా నవ్వేది జీవమ్మ. ఎంత బాగుండేవో ఆ రోజులు!

కూతురు ఆరాధన పుట్టాక జీవమ్మ కూర్చోలేకపోయింది. పొత్తికడుపు కింద, లోపలెక్కడో ఒకటే నొప్పి. భర్త ఏసేపుతో కూడా చెప్పుకోలేని చోటాయె. డాక్టర్లు స్కానింగులు తీసి, మాత్రలిచ్చి, "ఏం లేదమ్మా" అన్నారు. ఏమీ లేనిదానికి అంత నొప్పి ఎందుకో ఎవరూ చెప్పలేదు. వసారాకు పిలిస్తే "పని ఉండాదక్కా" అని తప్పించుకునేది. పొగరనుకుని భీమక్క పిలవడం మానేసింది. అటుగా పోతూ ఆ నవ్వులు వింటే జీవమ్మకు ఏడుపొచ్చేది.

ఏళ్లు గడిచాయి. ఈ ఏడు, ఎదిగొచ్చిన ఆరాధన పట్టుబట్టి తల్లిని కడపకు తీసుకుపోయింది. ఫిజియోథెరపీ చేసే తనూజ తలుపు మూసి, అడిగి అడిగి, నెమ్మదిగా పరీక్షించింది.

"ఎప్పుడూ ఇట్లే బిగబట్టుకోనుంటావా అమ్మా?"

"కాన్పైనంక మాయమ్మ నడుముకు గుడ్డ కట్టి, కింద బిగబట్టుకోవే, లేకుంటే గర్భసంచి జారుతాది అనె. అప్పట్నుంచి వదల్లేదు."

"గుడ్డ ఎప్పుడో విప్పినావు. లోపలి కండరాలు ఇంగా పిడికిలి మాదిరే ఉండాయి. నొప్పికి భయపడి బిగిస్తాండావు, బిగిసేకొద్దీ నొప్పి. నీ నొప్పి నిజమే. వదలడం నేర్చుకుందాం."

కడుపు నిండా గాలి పీల్చి, ఊపిరితో పాటే కింది బిగువు వదిలేయాలి. అంతే! అయినా జీవమ్మకు చేతకాలేదు. వదలడమెట్లాగో ఒళ్లు మరిచిపోయింది.

"కడుపుబ్బా నవ్వింది యాడ?" అని అడిగింది తనూజ.

వసారా గుర్తొచ్చింది. దాన్నే తలుచుకుంటూ ఊపిరి వదిలితే లోపల ఏదో కాస్త సడలింది. ఆ తర్వాత వారం వారం కడప బస్సెక్కింది, రోజూ ఇంట్లో చాప మీద సాధన చేసింది.

తొలకరికి ముందు, పిలవకుండానే వసారాకు పోయి, భీమక్క ముందు నిలబడి అంతా చెప్పేసింది.

"నాకన్నా చెప్పకూడదా పాపా? పొగరనుకుంటి గదే," అంటూ భీమక్క పక్కకు జరిగింది. "కాళ్లు చాపుకోనే కూచో. ఎవురేమంటారో నేను చూస్తా."

జీవమ్మ కూర్చుంది. కాసేపటికి నొప్పి పలకరించింది. కాళ్లు మార్చుకుంది గానీ లేవలేదు. భీమక్క ఏదో అంది. జీవమ్మ ఒడిలో కాయలన్నీ నేలపాలయ్యాయి.